లైన్‌మన్

ఎనభై తొమ్మిదో నిమిషంలో మామిడిపల్లి గోల్ కొట్టింది. వెంటనే గీత పక్కన జెండా లేచింది.

ఆఫ్‌సైడ్!

పాండుకు ఒళ్ళు మండిపోయింది. కాటేదాన్ ఆటగాడు తన గోలీకి వెనక్కి తన్నిన బంతి అది. దారిలో మామిడిపల్లి కుర్రాడు అందుకుని వలలో వేశాడు. ప్రత్యర్థి ఇచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదని మైదానంలో మేకలు కాసేవాడికి కూడా తెలుసు. ఆ జెండా ఎత్తిన లైన్‌మన్‌కు మాత్రం తెలియదు. డ్రా అయినా జిల్లా లీగ్ దక్కేది. ఆ ఒక్క ప్లేఆఫ్ కోసం మూడేళ్ళుగా ఎయిర్‌పోర్టులో కార్గో మోసి వచ్చి, సాయంత్రాలు ఆ జట్టు వెంట తిరిగాడు పాండు. కాటేదాన్ ఒకటి, మామిడిపల్లి సున్నా. విజిల్ మోగింది.

మొదటి రాయి వేసినవాడు పాండు. అది రిఫరీలు ఎక్కబోతున్న వ్యాన్ వెనక అద్దాన్ని పొడిపొడి చేసింది. రెండో రాయికి కాటేదాన్ వాడొకడి నుదురు చిట్లింది. వాడి తమ్ముడు కార్నర్ కర్ర పీకి పాండు భుజం మీద వేశాడు. పాండు ఆ కర్రనే లాక్కుని వాడి మోకాళ్ళ మీద రెండు వాయించాడు. మైదానమంతా పిడిగుద్దులు, చిరిగిన చొక్కాలు, నెత్తురు ఉమ్ముకుంటున్న నోళ్ళు. తల మీదుగా దిగుతున్న విమానం మోతలో ఎవరి బూతులు ఎవరికీ వినపడలేదు.

ఆ సందులో రిఫరీలు వ్యాన్ ఎక్కి చేలగట్టు బాట పట్టారు. ఆ బాట చుట్టూ తిరిగి మామిడిపల్లి చౌరస్తాలో తేలుతుంది. పాండు బండి స్టార్ట్ చేస్తూనే చౌరస్తాలో చాయ్ హోటల్ నడిపే మల్లేశ్వర్‌కు ఫోన్ కొట్టాడు. మల్లేశ్వర్‌కు ఫుట్‌బాల్ గొడవ పట్టదు. కానీ పిలిస్తే పదిమందిని పోగు చేయగలడు.

"లైన్‌మన్ ముంచిండు మల్లేశ్. అక్కడికే వస్తడు. ఇడిసిపెట్టకుండ్రి."

"ఖరారేనా అన్నా? మల్ల నన్ను అనొద్దు."

"నేను చెప్తున్న గద. ఏ చేత్తోని ఆపిండో ఆ చెయ్యి ఉండొద్దు."

మల్లేశ్వర్ సరేనన్నాడు.

రెండు వేల పన్నెండు ఎండాకాలం. ఊళ్ళో రోజుకు ఎనిమిది గంటలు కరెంటు కోత. మోటార్లు నడవక మడులు ఎండుతున్నాయి, ఫ్రిజ్‌లో పాలు విరుగుతున్నాయి. ఊళ్ళో లైన్‌మన్ అంటే కరెంటు లైన్‌మన్ ఒక్కడే. కుర్మయ్య. పాండు అక్క మంజుల మొగుడు.

పాండు చౌరస్తాకు చేరేసరికి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఇరవై మంది మూగి ఉన్నారు. నిచ్చెన రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. పక్కనే ఒక చెప్పు, విరిగిన టెస్టర్. కర్రలు లేచి పడుతున్నాయి. లోపలినుంచి వస్తున్న కేక పాండుకు తెలిసిన గొంతు.

బండి పడేసి గుంపులోకి దూకాడు. ముందున్నవాడి చెవి మీద కొట్టాడు. రెండోవాణ్ణి జుట్టు పట్టి లాగాడు. ఎవరో పాండు వీపు మీదే కర్ర విరగ్గొట్టారు. అయినా లోపలికి దూరి కింద ఉన్న మనిషి మీద అడ్డంగా పడ్డాడు.

కుర్మయ్య కుడి చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి తిరిగిపోయి ఉంది. తెల్లటి ఎముక బయటికి కనపడుతోంది. దాని కింద మట్టి నెత్తురుతో ముద్దవుతోంది.

"కరెంటు నేను తీయలే బామ్మర్దీ," అన్నాడు కుర్మయ్య. "పైనుంచే తీసిన్రు."

మల్లేశ్వర్ రొప్పుతూ కర్ర దించాడు. "నువ్వే చెప్తివి గదనే. బావ అని సుత చూడకుండ చెప్పినవంటే అక్కనేం కష్టపెట్టిండో అనుకున్నం."

పాండు తువ్వాలుతో బావ భుజం కింద బిగించి కట్టాడు. క్షణంలో అది ఎర్రబడిపోయింది. నూట ఎనిమిది అంబులెన్స్ వచ్చేదాకా ఆగే నెత్తురు కాదది.

అప్పుడే వెనక అద్దం లేని వ్యాన్ చౌరస్తాలోకి వచ్చింది. గుంపును చూసి డ్రైవర్ వెనక్కి తిప్పబోయాడు. పాండు పరుగెత్తి చక్రాల ముందు పడుకున్నాడు. డ్రైవర్ దిగి, జాకీ రాడ్‌తో అతని పక్కటెముకల మీద ఒక దెబ్బ వేశాడు. పాండు లేవలేదు. చేతులు జోడించాడు.

వ్యాన్‌లోంచి జెండా ఎత్తిన మనిషి దిగాడు. మైలార్‌దేవ్‌పల్లి స్కూల్లో పీఈటీ, పేరు హరిప్రసాద్. అతని మెడ మీద అద్దం గీసిన గాయం ఇంకా కారుతోంది. పాండును చూడగానే గుర్తుపట్టాడు.

"రాయి వేసింది నువ్వే కదా?"

"నేనే సార్. మా బావ సస్తున్నడు. దవాఖానకు తీస్కపోండ్రి. తర్వాత నన్ను ఏమన్న చేయుండ్రి."

మల్లేశ్వర్ మళ్ళీ కర్ర ఎత్తి దగ్గరికి వచ్చాడు. వెనకే పదిమంది. "ఎవడన్నా వీడు?"

పాండు నాలుక మీదికి వచ్చింది లైన్‌మన్ అన్న మాట. ఒక్కసారి అంటే చాలు, ఇంకో చెయ్యి విరుగుతుంది. ఆ మాటను మింగేశాడు.

"మా సార్," అన్నాడు. "జర జరుగుండ్రి."

గుంపు జరిగింది. హరిప్రసాద్ వంగి కుర్మయ్యను కాళ్ళ వైపు ఎత్తి పట్టాడు.

శంషాబాద్ దాకా పాండు బావ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా హరిప్రసాద్ రెండు చేతులతో గాయం పైన అదిమి పట్టి, ఒక్క నిమిషం కూడా పట్టు సడలించలేదు. గోల్ సంగతి పాండు అడగలేదు. అతను చెప్పలేదు.

దవాఖానలో డాక్టర్ అరగంటకు బయటికొచ్చి, ప్రాణానికి భయం లేదన్నాడు. చెయ్యి మాత్రం మోచేతి దాకా తీసేయాలన్నాడు. స్తంభం ఎక్కి బతికే మనిషికి చెయ్యి లేకపోతే ఏముంటుందో పాండు అడగలేకపోయాడు.

ఔట్‌పోస్ట్ కానిస్టేబుల్ కాగితం తీసి, ఎవరు కొట్టారని అడిగాడు. గేటు దగ్గర ఆటో ఆగింది. మంజుల చెప్పులు లేకుండా పరుగెత్తుకొస్తోంది. ఆమె దగ్గరికి వచ్చేదాకా పాండు ఆగాడు.

"కొట్టినోళ్ళు శానమంది సార్," అన్నాడు అక్క మొహంలోకి చూస్తూ. "కొట్టుమన్నది నేను. నా పేరు రాస్కోండ్రి."