పుల్లల చక్రం

మా తమ్ముడు రామచంద్రానికి కోపం రాదు. మా ఇద్దరికీ కలిపి దేవుడిచ్చిన కోపమంతా నా వాటాకే వచ్చిందని మా అమ్మ అంటుండేది. అలాంటివాడు నారాయణగూడ బండ్ల షోరూంలో, పదిమంది చూస్తుండగా, పుల్లల చక్రం నా గడప తొక్కేది లేదని గొంతెత్తి అన్నాడంటే నేనే అదిరిపడ్డాను.

బండి సంధ్య కోసం. సంధ్య రామచంద్రం కూతురు, నా మేనకోడలు. మూడేళ్లప్పుడు తల్లి పోతే నా చేతుల్లోనే పెరిగింది. అశోక్ నగర్‌లో నాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు గదిలో అన్నం వండుకుని, కూరలు నా దగ్గర కట్టించుకుపోతారు. ఆ పిల్లల మధ్యే కూర్చుని చదివి, బంద్‌లూ వాయిదాలూ అన్నీ దాటుకుని, రెండు వేల పన్నెండులో సంధ్య వ్యవసాయ శాఖలో ఉద్యోగం తెచ్చుకుంది. కొడంగల్ దిక్కు పోస్టింగ్. రోజూ ఊళ్లు తిరగాలి, పొలాల దాకా పోవాలి. బండి లేకపోతే ఆ ఉద్యోగం చేసినట్టే కాదు. ఆ రాళ్ల బాటల్లో స్కూటీ నిలవదని మోటారు సైకిలే కొంటానంది. ఆడపిల్లకు మోటారు సైకిలేమిటని మా గల్లీలో ఒకావిడ అడిగింది. నేను చెప్పిన జవాబుకు మళ్లీ అడగలేదు.

రామచంద్రం కూడా బండి వద్దనలేదు. చిక్కడపల్లిలో పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణం అతనిది. పొద్దంతా జిగురూ అట్టలూ తప్ప వేరే లోకం లేదు. కొనుక్కో బిడ్డా, చక్రాలు మాత్రం అల్లాయ్‌వి ఉండాలె అన్నాడు, అంతే.

అదే బండి రెండు రకాలుగా వస్తుంది. ఒకదానికి సైకిల్‌కు ఉన్నట్టు సన్నటి ఇనుప పుల్లలు అల్లిన చక్రాలు. ఇంకోదానికి ఒకే ముద్దగా పోతపోసిన అల్లాయ్ చక్రాలు. నా కర్రీ పాయింట్ ముందు నిలబడే పిల్లలంతా అల్లాయ్‌కే ఓటేశారు. లుక్కు అన్నారు, కడగడం తేలికన్నారు. వాళ్లలో ఒక్కడికీ బండి లేదు. సంధ్య మాత్రం పోస్టింగ్ ఊరికి పోయి, ఆ బాటల్లో తిరిగేవాళ్లను అడిగి వచ్చింది. గుంతలో పడి అల్లాయ్ పగిలిందంటే కొత్తది వేయాల్సిందే. పుల్లల చక్రం వంగినా, రెండు పుల్లలు తెగినా ఏ ఊళ్లోనైనా సరిచేస్తారు. పొద్దుగూకే వేళ బాట మధ్యలో ఒంటరిగా ఆగిపోవడం నాకిష్టం లేదత్తా అంది నాతో. అంతకన్నా మంచి కారణం ఇంకేం కావాలి?

తమ్ముడి కారణమూ నాకు తెలుసు. సంధ్య తల్లి జయశ్రీ. దోమలగూడలో ఏదో పెళ్లికి పోయి, స్నేహితుడి బండిని తమ్ముడు నడుపుతుంటే దాని మీద తిరిగి వస్తున్నారు. చీర చిక్కకుండా వెనక చక్రం పక్కన ఒక ఇనుప జాలీ ఉంటుంది కదా, దాన్ని ఆ స్నేహితుడు సోకు కోసం పీకేసుకున్నాడు. జయశ్రీది కొత్త పట్టుచీర. ఒక పక్కకు కూర్చుంది. అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోవడం అప్పట్లో మా ఇళ్లలో మర్యాద కాదు. ఆ మర్యాదకు నిప్పు పెట్ట. కొంగు జారి చక్రంలో పడింది. అశోక్ నగర్ దాటకముందే మనిషి పోయింది. ఒళ్లో ఉన్న సంధ్యకు మాత్రం మోచెయ్యి గీరుకుపోయింది.

చీర చక్రంలో పడి అమ్మ పోయిందని సంధ్యకు తెలుసు. ఆ ఒళ్లో తానున్నట్టు తెలియదు. చెప్పకూడదని రామచంద్రం మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. నా నోటికి తాళం పడింది జీవితంలో ఆ ఒక్క సంగతిలోనే. ఆ తర్వాత అతను సైకిల్ కూడా ముట్టలేదు. ఎక్కడికైనా నడిచే పోతాడు.

షోరూంలో సంధ్య మొదట నెమ్మదిగానే చెప్పింది. వెనక కూర్చునేది తను కాదంది, నడిపేది తనేనంది, చీర కట్టుకుని బండెక్కనంది. రామచంద్రం వినిపించుకోలేదు, నా గడప తొక్కేది లేదని గొంతెత్తింది అప్పుడే. పిల్లకూ పట్టుదల వచ్చింది. జీతం నాది, సంతకం నాది, నాకు నచ్చిందే తీసుకుంటానని తెగేసి చెప్పింది. అతను బయటకు నడవబోయాడు. ఇక నా వల్ల కాలేదు. వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపాను.

"ఇయ్యాల చెప్పు తమ్మీ. నువ్వు చెప్పకుంటె నేను చెప్త. ఒట్టు లేదు గిట్టు లేదు."

అతను అక్కడున్న కుర్చీలో కూలబడ్డాడు. పాఠం అప్పజెబుతున్నట్టు, అన్నీ చెప్పాడు. జయశ్రీ ఒక చేత్తో సీటు కమ్మీ పట్టుకుందట, ఇంకో చెయ్యి పిల్ల చుట్టూ ఉందట. కొంగు జారినప్పుడు దాన్ని పట్టుకోవాలంటే పిల్లను వదలాలి. ఆమె వదల్లేదు. వెనకనుంచి చూసినవాళ్లు అతనికి ఆ మాట చెప్పారట. తర్వాత సంధ్య వైపు తిరిగాడు.

"మీ అమ్మను ఇంటికి తెచ్చినంక మా అమ్మనే మొదలు అన్నది, తల్లిని మింగిన పిల్ల అని. ఇగ అందరు అదే పట్టుకున్నరు. బండి నడిపినోన్ని నేను. నన్నెవ్వరు ఒక్క మాట అనలే. నువ్వు లోపట ఆకలైతుందని ఏడుస్తున్నవు. గప్పుడు పొయ్యి ఆ చక్రం ఇప్పుకొచ్చి వాకిట్ల ఏసిన. చంపింది ఇది, సూడుండ్రి అన్న. అప్పటిసంది అదే అంటున్న. ఇప్పుడు అసొంటిదే ఇంటికి తెస్తే దాని తప్పు లేదన్నట్టే గద బిడ్డా. మరి ఎవరి తప్పంటరు?"

ఆ చక్రం వాకిట్లో పడి ఉండటం నేను చూశాను. దుఃఖంతో మతి చెడి తెచ్చాడనుకున్నాను. వచ్చినవాళ్ల నోళ్లన్నీ పిల్ల మీదనుంచి దాని మీదికి మళ్లించడానికి తెచ్చాడని ఇన్నేళ్లలో నాకు తట్టనేలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ లోకాన ఉందో మా అమ్మ, ఆమె మీద కోపం కూడా ముంచుకొచ్చింది.

సంధ్య తన మోచెయ్యి తడుముకుంది. తర్వాత సేల్స్ అబ్బాయి వైపు తిరిగి, అల్లాయ్‌దే రాయమంది. ఆ గొంతు మా సంధ్యది కాదు. తండ్రి కోసం అందనుకున్నాను మొదట. ముఖం చూశాక అర్థమైంది, తప్పు చక్రానిదే కావాలని ఇప్పుడు పిల్లకూ అనిపిస్తోంది. లేకపోతే తన నెత్తిన పడుతుంది. ఎందుకు చెప్పించానా అనుకున్నాను.

రామచంద్రం కూడా ఆ ముఖం చూశాడు. ఇన్నేళ్లు అతను ఏ ముఖం చూడకూడదని నోరు కట్టేసుకున్నాడో అదే ముఖం. లేచి వచ్చి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. అది పగిలితే బాట మీద ఒక్కదానివి ఆగిపోతవు. పుల్లలదే తీస్కో."

"నువ్వే గద నాన్నా..."

"నేను అబద్ధం అన్న. చక్రం తప్పు లేదు. నీ తప్పు అసలుకే లేదు. మీ అమ్మకు రెండే చేతులు బిడ్డా. దేన్ని పట్టుకోవాల్నో ఆమెనే ఎంచుకున్నది."

సంధ్య అక్కడే, షోరూం మధ్యలో, చిన్నపిల్లలా ఏడ్చింది. ఎవరు చూస్తున్నారో చూసుకోలేదు. రామచంద్రం ఓదార్చడం రాక వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. సేల్స్ అబ్బాయి కాగితాలు పట్టుకుని నా వైపు చూస్తే, జర ఆగు నాయినా, బండ్లేం పారిపోవు అన్నాను.

కొంతసేపటికి సంధ్య ముఖం తుడుచుకుంది. ఎన్నడూ అడగని మాట అడిగింది.

"అమ్మ ఎట్లుండేది నాన్నా?"

రామచంద్రం ఆలోచించాడు.

"జర మొండిది, నీ లెక్కనే. రాకున్నా పాటలు పాడేది," అన్నాడు. "నిన్ను ఒళ్లె ఏసుకున్నదంటే ఎవ్వరికి ఇయ్యకపోయేది."