పదిహేడో నంబరు ముఖం

యూనివర్సిటీ నడిపే బడిలోంచి నలభై ఒక్కమంది పిల్లల్ని మెడపట్టి గెంటింది 1962 జూలై 9న. అంతా రాళ్లు కొట్టేవాళ్ల పేట పిల్లలు. అప్పటి మానవశాస్త్ర ప్రొఫెసరొకడు వాళ్ల తలలు కొలిచి, ముఖాలకు ప్లాస్టరు పూసి అచ్చులు తీసి, ‘ఈ జాతి తలకు చదువు పట్టదు’ అని బడి రిజిస్టర్లో రాశాడు. ఇప్పుడు ఆ మహానుభావుడి పేరున ఒక హాలుంది, అందులో నిలువెత్తు పటమూ ఉంది.

ఆ అచ్చులు మానవశాస్త్ర విభాగం కింది అంతస్తులో అరల మీద ఉన్నాయి. పొద్దున్నే ఆయా తడిగుడ్డతో తుడుస్తుంది. మనుషులతో పాటే అవీ ముసలివవుతాయి. మనిషి పోయిననాడు అచ్చు మళ్లీ మొదటినాటి పసిముఖమైపోతుంది. అలా నలభై అచ్చులు పసిముఖాలే అయిపోగా, ముడతలతో మిగిలింది పదిహేడో నంబరు ఒక్కటే. అది ఇప్పటి ప్రొఫెసరమ్మ తల్లిది.

అరవై ఏడేళ్ల ఆ తల్లి రాతిదుమ్ము మింగిన ఊపిరితిత్తులతో ఆస్పత్రి మంచం మీద ఉంది. కోరిక ఒక్కటే. ఆ రాత కొట్టేసి తనని ఐదో తరగతిలో తిరిగి చేర్చుకోవాలి. “నా తల చిన్నదన్నాడే, మరి దానిమీద నలభై ఏళ్లు మోసిన రాళ్లు చిన్నవా?” అని నర్సుల్ని నవ్వించేది.

కూతురు తొమ్మిదేళ్లుగా ఆ పనిమీదే ఉంది. తలకీ చదువుకీ ముడిపెట్టడమే తప్పని మూడు పుస్తకాలు రాసింది. సాక్ష్యం కోసం రోజూ సాయంత్రం పదిహేడో నంబరు ముందు కూర్చుని, ముడతల లోతు మిల్లీమీటర్లలో రాసుకునేది. ఆస్పత్రికి వెళ్లడానికి తీరేది కాదు. ఆయా ఒకసారి అననే అంది.

“ఆ కొలిచేదేదో మంచం పక్కన కూచుని, చెయ్యి పట్టుకుని కొలవకూడదా అమ్మాయిగారూ?”

 ప్రొఫెసర్ ఆ రోజు ఇంకో రెండు పేజీలు ఎక్కువ రాసింది.

రిజిస్ట్రారు దుర్మార్గుడేం కాదు. అంతకంటే కష్టం, నియమాల మనిషి. అన్యాయం జరిగిందని ఒప్పుకుంటూనే ప్రతి మీటింగులో అదే పాట పాడేవాడు. ఐదో తరగతిలో చేరడానికి పన్నెండేళ్లు దాటకూడదు, ఆవిడకి ఎప్పుడో దాటాయి.

ఈసారి మీటింగుకి ప్రొఫెసర్ అచ్చునే తెచ్చి బల్లమీద పెట్టి, ముప్పై పేజీల నివేదిక చదవడం మొదలుపెట్టింది. పదకొండో పేజీలో తలెత్తితే రిజిస్ట్రారు తనని చూడటం లేదు. బల్లమీద, ఆ నుదుటి గీతలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. పీక్కుపోయిన బుగ్గలు నిండాయి. గడ్డం మీద చిన్న గాటు తేలింది, ఎక్కడో ఆడుకుంటూ పడ్డది, కూతురు ఏనాడూ చూడనిది.

ఫోను మోగింది. ఆమె తియ్యలేదు. కాయితాలు పక్కన పెట్టి ఆ బుగ్గకి వేళ్లు ఆనించింది.

“రేపొస్తానని చెప్పానే అమ్మా.”

రిజిస్ట్రారు నియమాల పుస్తకం తిరగేశాడు. నియమాల్లో వయసు గురించి ఉంది, ప్రాణం గురించి ఎక్కడా లేదు. కిందున్న నలభైమందికీ ఆ బడి వయసు ఎప్పుడో తిరిగొచ్చింది, ఇన్నేళ్లూ ఒక్క బుర్రకీ తట్టలేదు. వాళ్లనీ పైకి తెమ్మని ఆయాకి కబురంపి, పాత రిజిస్టరు తెప్పించి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

“అమ్మాయి వయసెంత, మేడమ్?”

“పదేళ్లండీ.”

‘చదువు పట్టదు’ అన్న మాటని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన రాశాడు: ఐదో తరగతి. చేరిన తేదీ, 2019 మార్చి 11.