నా వైపు కుస్కుస్

ఆ రోజు గొడవ చేప తలకాయల దగ్గర మొదలైంది.

నేను వంటింట్లోకి వచ్చేసరికి మా ఆయన అబ్దుల్‌హఖ్ పెరటి గుమ్మం దగ్గర వంగి, వీధి పిల్లికి సార్డీన్ తలకాయలు పెడుతున్నారు. పెడితే పెట్టారు, నా ప్లేటులో పెట్టారు.

“ఇంట్లో ఇంకో గిన్నె దొరకలేదా మీకు?”

“ఖాళీగా ఉందని తీశాను.”

“అది నా ప్లేటు.”

ఆయన మెల్లగా నడుం నిటారు చేసుకున్నారు. “నీ ప్లేటేమిటి? ఈ ఇంట్లో గిన్నెలకి పేర్లెప్పుడు పెట్టాం?”

“ఇన్నాళ్ళనుంచి దాంట్లోనే తింటున్నాను కదా. చూడ్డం లేదా?”

“ఎందుకు చూడ్డం లేదు? ఆస్పత్రిలో రోగిలా మూల కూచుని తింటుంటే చూస్తూనే ఉన్నా. నీకన్నా ఈ పిల్లి నయం. పక్కన మనుషులుంటేనే తింటుంది.”

“అయితే నా చోట దాన్నే కూచోబెట్టుకోండి.”

“రమ్మంటే వచ్చి కూచుంటుంది. నీలాగా బతిమాలించుకోదు.”

పిల్లి మా ఇద్దర్నీ ఒకసారి చూసి, ఉన్నవాటిలో పెద్ద తలకాయ నోట కరుచుకుని గోడ దూకింది. నేను ప్లేటు వేడినీళ్ళతో తోమాను. నిమ్మతొక్కతో రుద్ది మళ్ళీ తోమాను. ఆయన రేడియో పెట్టుకున్నారు. అంతటితో అయిపోయింది. మా ఇంట్లో గొడవలు అలాగే అయిపోతాయి. ఎవరూ గెలవరు, ఎవరో ఒకరు రేడియో పెడతారు.

ఆ ప్లేటులో గొప్పేమీ లేదు. నీలం అంచున్న మామూలు పింగాణీ. నా మోకాళ్ళ వల్ల కొన్నాను.

ఏడాదిగా నేను నమాజు కుర్చీలో కూచునే చేస్తున్నాను. మేడ మీద బట్టలారేసే పని మా అమ్మాయి నస్రీన్‌కి వదిలేశాను. తను బడిలో పంతులమ్మ. మధ్యాహ్నం భోజనానికి వచ్చి వెళ్తుంది, సాయంత్రం బడి అయ్యాక విసుక్కుంటూ ఆరేస్తుంది, చొక్కాల భుజాలు ఎప్పుడూ వంకరే. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, “కొత్త మోకాలు వేస్తాను. కానీ ముందు మీరు బరువు తగ్గి రండి. ఇంత బరువు మోస్తే అది కూడా అరిగిపోతుంది” అన్నాడు.

తగ్గడానికి ఏమేం చేయాలో చుట్టుపక్కల అందరూ చెప్పారు. రొట్టె మానెయ్యమన్నారు, నూనె మానెయ్యమన్నారు, పంచదార వేసిన టీ మానెయ్యమన్నారు. అన్నీ మానేసి ఉడికించిన సొరకాయ ముక్కలు తిన్నాను. మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక రొట్టెల బుట్ట మీది గుడ్డ తొలగించి, నిలబడే తినేసేదాన్ని. దానితో మోకాలి నొప్పికి సిగ్గు కూడా తోడైంది.

అప్పుడు ఆరోగ్య కేంద్రంలో తిండి విషయాలు చూసే కౌతర్ అనే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. నస్రీన్ కన్నా చిన్నదేమో.

“పూటకి ఎంత తింటారు, లల్లా బతూల్?” అని అడిగింది, పెద్దదాన్నని మర్యాదగా లల్లా చేర్చి.

“అందరితోపాటే తింటాను.”

“అంటే ఎంత?”

చెబుదామని చేతులు చాపి, ఎంత వెడల్పు పెట్టాలో తెలియక దించేశాను. “మాది అందరికీ ఒకటే పళ్ళెం కదమ్మా.”

ఆ అమ్మాయి నవ్వింది. “మా ఇంట్లోనూ అంతే. మా అమ్మనడిగినా చెప్పలేదు.” తర్వాత నవ్వు ఆపి చెప్పింది. “మీరు ఏదీ మానక్కర్లేదు. కుస్కుస్ తినండి, రొట్టె తినండి, ఆలివ్ నూనె పోసుకోండి, టీ తాగండి. మీ వంతు మాత్రం వేరే ప్లేటులో పెట్టుకోండి. కళ్ళతో చూడండి ఎంతో. చూస్తే చాలు, మిగతాది దానంతటదే జరుగుతుంది.”

ఇంత తేలికా అనుకుంటూ దారిలోనే ప్లేటు కొన్నాను.

నా భాగానికి వచ్చిన తిండిని నేను మొదటిసారి చూసింది ఆ మధ్యాహ్నమే. మాంసం, క్విన్స్ పండు, కొంచెం పులుసు, పక్కన పావు రొట్టె. ఇన్నేళ్ళు తిన్నదానికి ఒక అంచు ఉంటుందని అప్పటిదాకా తెలియదు. అన్నీ నేను వండినవే, ఉప్పూ దాల్చినచెక్కా సరిగ్గానే పడ్డాయి. నెమ్మదిగానే తిన్నాను. అయినా వాళ్ళకన్నా ముందే అయిపోయింది. అయిపోయాక చేతులు ఏం చేసుకోవాలో తోచలేదు.

గుండ్రటి బల్ల చుట్టూ వాళ్ళు ముగ్గురూ, మా ఆయన, నస్రీన్, మా అత్తగారు లల్లా రఖియా, ఒకే మట్టిమూకుడు మీదికి వంగి ఉన్నారు. నేను సోఫా అంచున, ఒళ్ళో ప్లేటుతో. అక్కణ్ణుంచి నాకు వాళ్ళ భుజాలే కనిపించాయి.

ఉన్నమాట చెప్పాలంటే కౌతర్ చెప్పినట్టే జరిగింది. ఇష్టమైనవేవీ మానలేదు, ఆకలితో మాడలేదు. మందుల షాపులో బరువు చూసే మిషన్ ఎక్కినప్పుడల్లా ముల్లు కొంచెం వెనక్కి జరుగుతూ వచ్చింది. పైన తొడుక్కునే పొడుగు అంగీ, జెల్లాబా, నడుం దగ్గర వదులైంది. ఒకరోజు గోడ పట్టుకోకుండా మేడ మెట్లు సగం దాకా ఎక్కాను. ఎక్కాక ఎవరికైనా చెబుదామని అక్కడే కాసేపు నిలబడ్డాను. ఇంట్లో మా అత్తగారు లల్లా నిద్రపోతున్నారు. ఆయన కాఫీ హోటల్లో ఉన్నారు. నిలబడి, దిగొచ్చేశాను.

అప్పుడే ఒక సంగతి గమనించాను. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మాటల్లో సగం “తిను” అన్న ఒక్క మాటే. “తిను బతూల్, ఈ ముక్క తిను.” “అమ్మా, నువ్వేం తిన్లేదు, తిను.” పళ్ళెంలో నా ముందుకి గుమ్మడి తోసి తిను, ఎముక తోసి తిను. వేరే ప్లేటు పెట్టుకున్నాక ఆ మాట అనే పని ఎవరికీ లేకపోయింది. దాని చోట ఇంకో మాట రాలేదు. ఉప్పు అందుకోమనో, నీళ్ళ సీసా ఎక్కడుందనో తప్ప, రోజులో నా వైపు తిరిగి ఎవరైనా ఏమన్నారో సాయంత్రం కూచుని గుర్తు చేసుకుంటే ఏమీ దొరికేది కాదు.

తట్టుకోలేక ఒక శుక్రవారం మళ్ళీ పెద్ద పళ్ళెం దగ్గరికి చేరాను. లెక్కగా తిని లేస్తాననుకున్నాను. శుక్రవారమంటే మాకు కుస్కుస్, ఆవిరి మీద ఉడికించిన సన్నటి గోధుమ రవ్వ. లల్లా రఖియా దాన్ని చేత్తోనే తింటారు. మాంసం విడదీసి పంచేది కూడా ఆవిడ చెయ్యే. మూలుగున్న ఎముక నా ముందుకొచ్చింది. దాని వెనక గుమ్మడి, ఎండుద్రాక్షతో వేయించిన ఉల్లిపాయలు. నేను తిన్నంతా మళ్ళీ నిండుతూనే ఉంది. ఏది నేను తీసుకున్నదో, ఏది వాళ్ళు తోసిందో తెలియలేదు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. వద్దనడానికి నోరు రాలేదు. ఆ వారం ముల్లు మళ్ళీ ముందుకెళ్ళింది. మర్నాటి నుంచి మళ్ళీ సోఫా, మళ్ళీ ప్లేటు.

పిల్లి గొడవ జరిగిన వారంలోనే, గురువారం, మా ఆయన అక్క హనియా వదిన దిగింది. చంకలో ఊదా కాగితం చుట్టిన పంచదార దిమ్మ. పెళ్ళి మాటలకో, చావు పలకరింపుకో, అలిగినవాళ్ళని బుజ్జగించడానికో తప్ప మా దగ్గర ఎవరూ ఆ దిమ్మ మోసుకుని రారు.

“ఎవరికేమైంది వదినా?” అన్నాను.

“నువ్వే చెప్పాలి.” దిమ్మ బల్ల మీద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. “మా అమ్మ ఏమన్నా అందా? ముసలిది, నోరు జారి ఉంటుంది. లేకపోతే వీడా? వీడేమన్నా చేస్తే నాకు చెప్పు, చెవి మెలేస్తాను.”

“ఎవరూ ఏమీ అన్లేదు.”

“ఏమీ అనకుండానే తిండి వేరు పెట్టుకున్నావా? మా వీధిలో అందరూ అడుగుతున్నారు, మీ తమ్ముడు రెండో పెళ్ళి చేసుకుంటున్నాడా అని.”

పక్కగదిలోంచి మా ఆయన గొంతు: “ఈ పింఛనుతోనా!”

“నువ్వు నోర్ముయ్!” అని అటు అరిచి మళ్ళీ నా వైపు తిరిగింది. “చెప్పు తల్లీ.”

“బరువు తగ్గడానికి వదినా. మోకాళ్ళ ఆపరేషన్ చెయ్యాలంటే తగ్గి రమ్మన్నారు.”

“బరువు తగ్గాలంటే టీ మానెయ్, రొట్టె మానెయ్! ఎవరైనా మనుషుల్ని మానేస్తారా?”

నాకు నవ్వొచ్చింది. అలిగానని తెచ్చిన పంచదార నా ముందే ఉంది, రెండు కిలోలు. కానీ లల్లా గదిలోంచి బయటికి రాకపోవడం చూసి నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్ళాను. గొర్రెతోలు మీద గోడకి ఆనుకుని కూచుని ఉన్నారు. జపమాల ఒళ్ళో ఉంది కానీ పూసలు కదలడం లేదు.

“నా చెయ్యి మురికైందా?” అన్నారు.

“అదేం మాట లల్లా?”

“నువ్వీ ఇంటికొచ్చిన రోజునుంచీ నా చేత్తో పెట్టింది తిన్నావు. నీ కడుపున పిల్ల పడ్డప్పుడు నీకు వాసన పడకపోతే నేను ముద్దలు చేసి నోట్లో పెట్టాను. ఇప్పుడు నేను ముట్టుకున్నది తినలేక ప్లేటు కొనుక్కున్నావు. నాకు కళ్ళు సరిగా కనపడవు గానీ, ఇది కనపడదా?”

ఆవిడ చెయ్యి నా ముందు చాపారు. పొద్దున్న కుస్కుస్ నలిపిన గోధుమపిండి గోళ్ళ సందుల్లో తెల్లగా ఉంది. ఇంతకాలం నేను ఒంటరిగా కూచున్నానని బాధపడ్డాను. ఆ ముగ్గురూ కలిసి తింటున్నారు కదా, వాళ్ళకేం లోటు అనుకున్నాను. పెట్టే చేతికి ఎదురుగా మనిషి లేకపోతే ఆ చెయ్యి ఏం చేస్తుందో ఆలోచించలేదు. ఆవిడకీ నాతో మాట్లాడడానికి అదొక్కటే దారి.

వంగి ఆవిడ తల మీద ముద్దు పెట్టుకున్నాను.

“ముద్దులెందుకు? రేపు శుక్రవారం. వచ్చి కూచో,” అన్నారు. నా వైపు చూడకుండా పూసలు కదపడం మొదలుపెట్టారు.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. కూచుంటే ఆ చెయ్యి తోస్తూనే ఉంటుంది, నేను కాదనలేను. మోకాళ్ళు ఇలాగే ఉండిపోతాయి. కూచోకపోతే నా మోకాళ్ళు బాగవుతాయి, బాగైన మోకాళ్ళతో ఈ ఇంట్లో ఎవరి దగ్గరికి నడిచి వెళ్ళను?

మర్నాడు కుస్కుస్ ఎప్పటిలాగే చేశాను. ఆవిరి పట్టి, పళ్ళెంలో పరిచి, నెయ్యి రాసి, ఉండలు చిదిపి, మళ్ళీ ఆవిరి. ఏ పూటా దీన్ని తొందరపెట్టలేదు, ఆ పూటా పెట్టలేదు. మసీదు నుంచి ఆయన వచ్చారు. హనియా వదిన రాత్రి ఉండిపోయింది. బల్ల మీద పళ్ళెం పెట్టాక అందరూ నా చేతుల వైపు చూశారు, ప్లేటు ఉందా అని. చేతిలో చెంచా మాత్రమే ఉంది. నస్రీన్ జరిగి చోటిచ్చింది.

“బిస్మిల్లా,” అన్నారు లల్లా. అంటూనే చెయ్యి మాంసం మీదికి వెళ్ళింది.

నేను చెంచా పక్కకి తిప్పి, కుస్కుస్‌లో నా ముందు అంచు నుంచి మధ్యదాకా ఒక గీత గీశాను. పక్కన ఇంకో గీత. మధ్యలో ఒక ముక్క మిగిలింది. నీలం అంచు ప్లేటులో ఎంత పట్టేదో ఇప్పుడు నా కంటికి తెలుసు.

“ఇదేంటమ్మా, కేకు కోస్తున్నావా?” అంది నస్రీన్.

“చేసిన కుస్కుస్‌కి కంచె వేస్తావా?” అంది హనియా వదిన.

లల్లా చెయ్యి మాంసం ముక్కతో గాలిలో ఆగింది.

“ఇది నా వైపు,” అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. “ఇవాళ్టి నుంచి అన్ని పూటలూ ఇక్కడే కూచుంటాను. ఈ గీతల మధ్య ఉన్నదే తింటాను. లల్లా, మాంసం మీరే పెట్టండి, మీకు ఏది పెట్టాలనిపిస్తే అది పెట్టండి. కానీ ఒక్కసారే. అది తిన్నాక చెంచా కింద పెట్టేస్తాను. అప్పుడు నన్నెవరూ తిను తిను అనొద్దు. ఇంకేదైనా అడగండి.”

“ఇంకేం అడగాలి?” అన్నారు మా ఆయన. వెటకారంగా కాదు. నిజంగానే ఆయనకి తెలియలేదు.

“ఏదో ఒకటి. ఏమీ తోచకపోతే ఊరికే ఉండండి. మీరందరూ తిని లేచేదాకా నేను మాత్రం ఇక్కణ్ణుంచి లేవను.”