మూడు గీతలు

సిద్దప్ప గేరుబాక్సు అడుగున పేరుకున్న నూనెను వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. గరగరలాడింది. వెలుతురులోకి చెయ్యి చాపితే నూనెలో ఇనుపపొడి తళుక్కుమంది.

"ఫస్టు గేరు పండ్లు మల్ల రాలగొట్టిండు," అన్నాడు కారు కిందనుంచే. ఏడాదిలో ఇది నాలుగోసారి. కోపం మొదటిసారికే అయిపోయింది, ఇప్పుడు మిగిలింది ఏవగింపే.

కారు మొగుడంపల్లి వైపు పటేలు కొడుకు ఇంద్రసేనది. బొంబాయి నుంచి తెప్పించిన రెండు తలుపుల ఎర్ర కారు. అందులో నలుగురు కూర్చోలేరు, ఒక జొన్నల బస్తా పట్టదు. ఆ వైభోగం చాలదన్నట్టు అక్కడే ఎవరితోనో ఇంజను విప్పించి బలం పెంచుకొచ్చాడు. ఇంజనుకైతే బలం వచ్చింది, దాని వెనకున్న గేర్లకూ ఇరుసుకూ ఎక్కణ్నించి వస్తుంది? ఆదివారం వచ్చిందంటే పెద్దరోడ్డు మీద బీదరు షావుకార్ల పిల్లలతో పందెం. నిలబెట్టిన చోటే ఇంజనును గుక్కపట్టి ఏడిపించి, క్లచ్చి మీంచి కాలు ఒక్కసారిగా తీసేసేవాడు. కారు ఎగిరి దూకేది, గేరు పండ్లు రాలేవి, వెనక ఇరుసు పుటుక్కుమనేది. సోమవారం పొద్దున తండ్రి ట్రాక్టరు దాన్ని సిద్దప్ప పనిచేసే మల్లికార్జున్ షెడ్డుకు ఈడ్చుకొచ్చేది. మగతనమంతా ఎడమకాలి మడమలో పెట్టుకున్న మనిషి!

సిద్దప్పకు యాభై ఆరేళ్లు. పొట్టివాడు. గోళ్ల చుట్టూ ఏ సబ్బుకూ వదలని నలుపు, కుడి బొటనవేలు సుత్తిదెబ్బకు చప్పిడిగా మారిపోయింది. మల్లికార్జున్ తండ్రి షెడ్డు వేసిననాటి నుంచి ఇరవై ఆరేళ్లుగా గేరుబాక్సులే విప్పాడు, గేరుబాక్సులే బిగించాడు. వాటిని పెట్టెలనేవాడు. ఊళ్లో అతన్ని పెద్దమనిషని పిలిచినవాడు లేడు. ఉన్నదల్లా ఒక్కటే. పెట్టె మూత బిగించాక దాని అంచున చిన్న ఉలితో మూడు అడ్డగీతలు కొట్టేవాడు, తన నుదుటి విభూతి రేకల్లాగే. ఆ గీతలుంటే పెట్టెకు ఢోకా లేదని హుమ్నాబాదు నుంచి పటాన్‌చెరు దాకా లారీ డ్రైవర్లందరికీ తెలుసు. పాత లారీ కొనేవాడు ముందు బండి కింద దూరి ఆ గీతలు వెతికేవాడు. ఇంద్రసేన కారుకు మాత్రం సిద్దప్ప ఒక్కసారీ కొట్టలేదు.

పదకొండింటికి ఇంద్రసేన వచ్చాడు. నల్లకళ్లద్దాలు, ఛాతీ దాకా విప్పిన చొక్కా. లేతు మిషను మీద తీయించిన కొత్త ఇరుసును బల్ల మీద దబ్బున పడేశాడు.

"లారీ ఉక్కు. ఇగ ఎట్ల ఇర్గుతదో సూస్త."

సిద్దప్ప దాన్ని ఎత్తి బరువు చూశాడు. "ఇరుసు ఇర్గాలె పటేలా. అది ఇర్గుతుంటెనే పెట్టె బతికుంది. ఇది బిగిస్తె ఆ గుంజుడంత పెట్టె మీద పడ్తది. పల్గుతది."

"చెప్పింది చెయ్."

"ఇరుసుల తప్పేం లేదు. జర కాలు మెల్లగ ఇడువున్రి."

ఇంద్రసేన మల్లికార్జున్ వైపు చూసి నవ్వాడు. మల్లికార్జున్ అంతకంటే పెద్దగా నవ్వాడు. షెడ్డు ఉన్న జాగా పటేలుది మరి, నవ్వక చస్తాడా?

సిద్దప్ప మూడింటి దాకా పని చేశాడు. రాలిన గేరు తీసి కొత్తది వేశాడు, ఇంద్రసేన తెచ్చిన ఇరుసూ ఎక్కించాడు, పెట్టెను కిరసనాయిలుతో మూడుసార్లు కడిగాడు, ఒక్కో బోల్టునూ కొలత పెట్టినట్టు బిగించాడు. పగిలిపోయేదాన్నయినా పాడుగా బిగించడం అతనికి చేతకాదు.

"ఇగ గీతలు కొట్టు," అన్నాడు ఇంద్రసేన.

"దీనికి కొట్ట."

"ఉల్లిగడ్డల లారీలకు కొడ్తవు. నా బండికి కొట్టవా? ఏం తక్కువైంది నాకు?"

"అయి మల్ల రావు పటేలా. మీరు వస్తరు."

ఇంద్రసేన మొహం కందగడ్డ అయింది. మల్లికార్జున్ సిద్దప్పను రెక్క పట్టి పక్కకు లాక్కుపోయాడు.

"మామా, నీ కాల్మొక్త. మూడు గీతలే గదా! జాగ ఖాళీ చెయ్యమంటె నేనేడికి పోవాలె? కొట్టు. లేకుంటె రేపటి సంది రాకు."

"పని జేసిన గద. అబద్ధం ఎట్ల జెప్పాలె?"

ఇక మల్లికార్జున్ తనే ఉలి అందుకుని కారు కింద దూరాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్క పెట్టె బిగించిన పాపాన పోని మనిషి. మొదటి గీత జారింది, రెండోది వంకరపోయింది, మూడోది ఎలాగో పడింది. సిద్దప్ప పక్కనే ఉన్నాడు. ఒక్క అడుగు వేస్తే ఉలి లాక్కోవచ్చు. లాక్కుని ఏం చేయాలో తోచక నిలబడిపోయాడు. తర్వాత బోరింగు దగ్గరికి పోయి రంపపుపొట్టుతో మోచేతుల దాకా తోముకున్నాడు. పొద్దుండగా అతను చేతులు కడుక్కోవడం షెడ్డులో ఎవరూ ఎన్నడూ చూడలేదు. అయినా ఎటు పోతున్నావని ఒక్కడూ అడగలేదు.

ఆదివారం దాకా ఆగే ఓపిక ఇంద్రసేనకు లేకపోయింది. అయిదింటికే రోడ్డు మీద జనం చేరారు. కారు ఒకసారి దూకింది, ఈలలు పడ్డాయి. రెండోసారీ దూకింది. మూడోసారి అడుగున ఫట్టుమంది. పెట్టె రెండు చెక్కలై, నూనె తారు మీద బారుగా పారింది. లారీ ఉక్కు ఇరుసు వెంట్రుకవాసి కూడా వంగలేదు. ఇంద్రసేన దిగి చక్రాన్ని తన్నాడు.

"సిద్దప్ప పెట్టె పల్గింది!" అని అందరికీ వినబడేలా అరిచాడు.

మరునాడు పొద్దున బస్టాండులో సిద్దప్ప, అతని భార్య శరణమ్మ ఒక ట్రంకుపెట్టెతో న్యాల్‌కల్ బస్సు కోసం నిలబడ్డారు. అక్కడ ఆమె తమ్ముడికి రెండెకరాల చెలక ఉంది. పక్కనే చాయ్ హోటల్లో డ్రైవర్లు మాట్లాడుకుంటున్నారు.

"ఉట్టి మాట. గీతలున్నయా దాని మీద?"

"ఉన్నయ్. నా కండ్లతోని సూసిన."

సిద్దప్ప వాళ్ల వైపు రెండడుగులు వేశాడు. "అయి నేను కొట్టలే," అన్నాడు. ఇద్దరూ తలెత్తారు. అతని చేత్తోనే పెట్టె బాగుచేయించుకున్నవాళ్లు. ఒకడు చాయ్ గ్లాసులోకి చూశాడు, రెండోవాడు బీడీ వెలిగించుకున్నాడు.

"నువ్వు చెప్పకపోయినవా అందరికి?" అంది శరణమ్మ.

"ఎంతమందికని చెప్పుదు?"

బస్సు వచ్చింది, ఎక్కారు. షెడ్డులో ఎర్రకారు నిలబడ్డ చోట, సిద్దప్ప వీపు కింద పరుచుకునే గోనెపట్టా ఇంకా అట్లాగే పడి ఉంది, నూనె తాగి చెక్కలా బిగుసుకుపోయి, రెండు భుజాలు ఆనే చోట మాత్రం నేల కనబడేంత పల్చబడి.