ల్యాప్‌టాప్ ఖాళీ లేదు

దేవీప్రసాద్‌ది పార్వతీపురం. హైదరాబాదు కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కంపెనీవాళ్ళు అన్నారు గాని ఎవరి ఇంటి నుంచో చెప్పలేదు. అందుకని అరకులోయ వచ్చి, ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల కొండవాలులో, కనక అనే కాఫీ రైతు ఇంట్లో ముందుగది అద్దెకి తీసుకున్నాడు. ఎందుకయ్యా అంత దూరం అని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పాడు: "ప్రశాంతంగా ఉంటుంది."

మూడు రోజులకే ఆ ప్రశాంతత భరించలేక చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించేశాడు.

పాట లేనిదే అతనికి పని సాగదు. కొత్త పేజీ మొదలుపెట్టేటప్పుడు వీణ, తప్పెక్కడుందో దొరకనప్పుడు డ్రమ్ములు, మీటింగు అయ్యాక మనసు కుదుటపడటానికి వాన చప్పుడు. కోడు రాయడం వచ్చినవాడికి తాళం దానంతటదే వస్తుందని అతని నమ్మకం. రెండూ లెక్కే కదా అనేవాడు. కాలేజీలో గిటారు నేర్చుకోబోయి మూడో క్లాసుకే మానేసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కనక కాఫీ గ్లాసు పట్టుకొచ్చి, అతను కళ్ళు మూసుకుని తల ఆడించడం చూసింది.

"ఏటి ఇంటన్నావు బాబూ?"

అతను హెడ్‌ఫోన్లు కిందికి దించాడు. "వాన చప్పుడు పిన్నీ. హాయిగా ఉంటుంది."

కనక కిటికీ వైపు చూసింది. బయట రేకుల మీద వాన దంచికొడుతోంది. కాఫీ పూత నిలబెట్టే వాన అది. దానికోసం ఆవిడ పదిరోజులుగా ఆకాశంకేసి చూస్తోంది.

"మరి ఇదేటి?"

"ఇది... కొంచెం గోలగా ఉంది పిన్నీ."

సాయంత్రానికి ఈ మాట ఊరంతా పాకింది. మర్నాడు డప్పు కొట్టే అప్పన్న దారిలో ఎదురై, గొడుగు తీసి, "బాబూ, ఇయ్యాల జల్లు లోపలా, బైటా?" అని చాలా మర్యాదగా అడిగాడు.

పక్కింట్లో బుధు తాత ఉండేవాడు. కనకకి మేనమామ. అరవై ఎనిమిదేళ్ళు. చుట్టుపక్కల కొండల్లో ధింసా ఆట ఎక్కడ జరిగినా ఆయన మోరి ఉండాల్సిందే. మోరి అంటే సన్నాయికి కొండమీది తోబుట్టువు. గొంతు కాస్త గరుకు, పట్టుదల ఎక్కువ. ఆయన రోజూ పొద్దున్న తొమ్మిదింటికి అరుగు మీద కూర్చుని ఊదేవాడు. సరిగ్గా తొమ్మిదింటికే దేవీప్రసాద్‌కి ఆఫీసు మీటింగు.

అతని టీమ్ లీడరు నాగలక్ష్మి హైదరాబాదులో ఉంటుంది. "ప్రసాద్, మీ వెనక ఎవరో ఏడుస్తున్నారు, చూసుకోండి," అంది మొదటిరోజు. ముసలాయన్ని మానెయ్యమనడానికి అతనికి నోరు రాలేదు. అందుకని ఇంజనీరు పద్ధతిలో ఆలోచించి, మైకులో చుట్టుపక్కల చప్పుళ్ళని తుడిచేసే ప్రోగ్రాం ఒకటి తెచ్చాడు. దాన్ని పరీక్షించడానికి కిటికీలో ఫోను పెట్టి బుధు తాత సంగీతం ఇరవై నిమిషాలు రికార్డు చేసి, ఆ ఫైలుకి "గోల" అని పేరు పెట్టుకున్నాడు. ప్రోగ్రాం మోరిని శుభ్రంగా తుడిచేసింది. ఆ తర్వాత అతను ఆ సంగతే మరిచిపోయాడు.

ఆ వానల్లోనే బుధు తాత కట్టెలమోపుతో వస్తూ నాచుబండ మీద జారాడు. ఎముకలు బాగానే ఉన్నాయి గాని ముందుపళ్ళు రెండూ విరిగాయి. అరకులో పళ్ళ డాక్టరు మిగిలిన ముక్కలు తీసేసి, చిగుళ్ళు మానాక కొత్తవి కడతానన్నాడు. నెల పడుతుందన్నాడు. పళ్ళు లేకపోతే మోరి పీక పెదాల మధ్య నిలవదు. ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు.

తొమ్మిదింటికి మోరి వినపడకపోయేసరికి దేవీప్రసాద్ రెండ్రోజులు వరసగా మీటింగుకి ఆలస్యమయ్యాడు. అప్పుడు గాని అతనికి తెలియలేదు, ఇన్నాళ్ళూ తన అలారం అదేనని.

అసలు కష్టం కనకది. పది రోజుల్లో ఆవిడ చెల్లెలి కూతురు పెళ్ళి. ధింసా లేకుండా పెళ్ళేమిటి? మోరి లేకుండా ధింసా ఏమిటి? ఆ చుట్టుపక్కల మోరి ఊదే ఇంకొకాయన అదే రోజుకి వేరే ఊరికి మాటిచ్చేశాడు. కనక గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఇదే చెప్పుకుంటోంది. దేవీప్రసాద్ కాసేపు తటపటాయించి నోరు విప్పాడు.

"పిన్నీ, తాత మోరి నా దగ్గరుంది. రికార్డు."

"నువ్వెప్పుడు సేసినావు?"

"అప్పుడే... ఇష్టంగా అనిపించి."

కనక మొహం వెలిగిపోయింది. అతను ఫైలు పేరు కనపడకుండా ల్యాప్‌టాప్ తిప్పి పట్టుకున్నాడు.

మూడు సాయంత్రాలు కూర్చుని ఆ రికార్డులోంచి ఒక్కొక్క స్వరాన్నీ విడదీశాడు. ఒక వెబ్ పేజీ తయారుచేసి, కీబోర్డు మీద ఏ మీట నొక్కితే ఏ స్వరం పలకాలో అమర్చాడు. మీట నొక్కి ఉంచినంతసేపూ మోరి మోగుతూనే ఉంటుంది. ఊపిరి అవసరం లేదు, పళ్ళు అంతకంటే అవసరం లేదు. ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళలో ఇంత ఇష్టంగా ఏ పేజీ చెయ్యలేదు.

పెళ్ళి గురువారం. ఆదివారం పొద్దున్న కనక వాకిట్లో సాధన పెట్టారు. పన్నెండుమంది ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి వరస కట్టారు. ముందు కనక. అప్పన్న మంటసెగకి డప్పు కాచుకున్నాడు. దేవీప్రసాద్ బోర్లించిన గంప మీద ల్యాప్‌టాప్ పెట్టి, తీగ లేని చిన్న స్పీకరుని పనసకొమ్మకి తగిలించాడు.

మొదట పాట మొత్తం కంప్యూటరే వాయించుకునేలా పెట్టాడు. అది ఒక్క తప్పు లేకుండా వాయించింది. కాని వరస మెలిక తిరిగేటప్పుడు బుధు తాతయితే ఆఖరామె తిరిగేదాకా స్వరాన్ని సాగదీసి ఆగుతాడు. కంప్యూటరు ఎవరికోసమూ ఆగలేదు. వరస తెగి ఆఖరామె వెళ్ళి కోళ్ళగూడు మీద పడింది.

"పర్వాలేదు, చేత్తో వాయిస్తాను," అన్నాడు దేవీప్రసాద్.

ఇది ఇంకా ఘోరమైంది. అతను డప్పుతో పాటే మీట నొక్కుతున్నాడు, కొమ్మ మీంచి స్వరం మాత్రం తీరిగ్గా వెనక వస్తోంది. ఆడవాళ్ళు సగంమంది డప్పుకి అడుగేస్తే సగంమంది మోరికి వేశారు.

అప్పన్న డప్పు ఆపేశాడు. "బాబూ, నీ మోరి ఆవు ఎనకాల దూడలాగ వత్తంది."

తీగ లేని స్పీకరుకి శబ్దం ఎలా చేరుతుందో, మధ్యలో ఎన్ని మెట్లు దిగాలో, పావు సెకను ఎక్కడెక్కడ ఖర్చవుతుందో దేవీప్రసాద్ వివరించాడు. గంప పక్కన మట్టిలో పుల్లతో బొమ్మ కూడా గీశాడు. పది నిమిషాలు పట్టింది.

కనక ఓపిగ్గా విని, "అంటే ఆలీసంగా వత్తాది. అంతేనా?" అంది.

"అంతే."

"ఆ ముక్క సెప్పడానికి వాకిలంతా తవ్వాల?"

"రేపు అరకెళ్ళి తీగ ఉన్న స్పీకరు కొనుక్కొస్తాను," అంటూ అతను ల్యాప్‌టాప్ మూయబోయాడు.

అప్పటిదాకా తుండుగుడ్డ నోటికడ్డం పెట్టుకుని అరుగు మీద కూర్చున్న బుధు తాత లేచి వచ్చాడు. గంప ముందు చతికిలబడి ఒక మీట నొక్కాడు. కొమ్మ మీంచి స్వరం వచ్చింది. తల పక్కకి వంచి విన్నాడు. మళ్ళీ నొక్కాడు. నాలుగైదుసార్లు నొక్కాక అప్పన్నకేసి చూసి గడ్డం ఎగరేశాడు.

డప్పు మొదలైంది. మోరి సరిగ్గా డప్పు మీదే పడింది.

దేవీప్రసాద్‌కి నమ్మకం కుదరక ఆయన వేళ్ళు చూశాడు. వేలు డప్పుకంటే ముందే దిగుతోంది. ప్రతి స్వరానికీ ఆ పావు సెకనే ముందు. కళ్ళు మాత్రం కీబోర్డు మీద లేవు, ఆడవాళ్ళ పాదాల మీద ఉన్నాయి. వరస మెలిక తిరిగింది. ఆయన మీట మీంచి వేలు తియ్యలేదు. ఆఖరామె తిరిగి నిలబడ్డాకే తీశాడు.

ఆట ఆగాక దేవీప్రసాద్ అడిగాడు. అడగడంలో ఆరేళ్ళ హైదరాబాదు భాష ఎటో పోయింది. "తాతా, ఎలాగ సేసినావు?"

"ఏటుంది అందల?" పళ్ళ సందులోంచి మాటలు ఈలలా వచ్చాయి. "మా సిన్నప్పుడు ఆ కొండ మీద డప్పు, ఈ కొండ మీద మోరి పెట్టి ఆడేవోళ్ళం. సప్పుడు మద్దిన పారే గెడ్డ దాటి రావాల గదా. ఆలీసంగా వచ్చేవోడిని ముందుగా కేకెయ్యాల. అంతే."

ఆ సాయంత్రం దేవీప్రసాద్ తెర మీద మీటల పక్కన స్వరాల గుర్తులు ఇంకొంచెం పెద్దవి చేశాడు. తనవల్ల అయ్యే పని అదొక్కటే మిగిలింది.

గురువారం మధ్యాహ్నం పెళ్ళివారి ఊళ్ళో, కొండ నెత్తిమీద, గంప మీద ల్యాప్‌టాప్, పందిరి పక్క చెట్టుకొమ్మకి స్పీకరు పెట్టుకుని ఆట జోరుమీదుంది. దేవీప్రసాద్ సగంరోజు సెలవు పెట్టి వచ్చాడు. అయినా ఫోనులోంచి ల్యాప్‌టాప్‌కి నెట్ ఇచ్చే ఉంచాడు. నెట్ లేని ల్యాప్‌టాప్ అతనికి చొక్కా లేకుండా బజారుకెళ్ళినట్టుంటుంది.

నలభైమంది ఆడుతుండగా తెర మీద ఏదో చిన్న డబ్బా లేచింది. బుధు తాత చెయ్యి జోరులో ఏ మీట మీద పడిందో, పందిరంతా నాగలక్ష్మి గొంతు మోగింది.

"ప్రసాద్! వినిపిస్తోందా?"

వరస ఆగిపోయింది. అందరూ పైకి, కొమ్మల్లోకి చూశారు. బుధు తాత ఒక్కడే కంగారుపడలేదు.

"ఇనిపిత్తంది తల్లీ. సెప్పు."

"ఎవరండీ మీరు? ప్రసాద్ ఏడి? ఆ డప్పులేమిటి?"

"పెల్లి తల్లీ. బేగి సెప్పు, ఆడోళ్ళు నిలబడిపోనారు."

దేవీప్రసాద్ పరుగెత్తుకొచ్చి కాల్ కట్టేసి, ఫోను పట్టుకుని పందిరి బయట బండరాయి ఎక్కి ఆవిడకి తిరిగి చేశాడు. పొద్దున్న సెలవు హడావుడిలో అతను పంపిన మార్పు వల్ల కస్టమరు వెబ్‌సైటులో లాగిన్ పేజీ తెరుచుకోవడం లేదు.

"వెంటనే ల్యాప్‌టాప్ తీసి సరిచెయ్యండి," అంది నాగలక్ష్మి.

అతను వెనక్కి చూశాడు. ఆట మళ్ళీ మొదలైంది. పెళ్ళికూతురు కూడా వరసలో చేరింది. కనక మొహంలో వారంరోజుల దిగులు ఎక్కడా లేదు. ఇప్పుడు వెళ్ళి ఆ గంప మీంచి ల్యాప్‌టాప్ ఎలా తియ్యడం?

"మేడమ్, ల్యాప్‌టాప్ ఖాళీ లేదు."

"ఖాళీ లేకపోవడమేమిటి?"

"ఒకాయన వాయిస్తున్నాడు."

డప్పు ఆవిడకీ వినపడుతూనే ఉండాలి.

"ఎంతసేపు వాయిస్తాడు?"

"వీళ్ళు అలిసేదాకా. వీళ్ళు అలిసేలా లేరు మేడమ్. మీరు నా మార్పు వెనక్కి తీసెయ్యండి, నేను చెప్తాను."

"నేను కోడు ముట్టుకుని నాలుగేళ్ళయింది ప్రసాద్."

"మర్చిపోయేది కాదులెండి."

బండరాయి మీద నిలబడి, ఒక చెవి మూసుకుని, టైపు చెయ్యాల్సినదంతా అక్షరం అక్షరం అరిచి చెప్పాడు. పెళ్ళికొచ్చిన ముసలమ్మలు ముగ్గురు దగ్గరికొచ్చి, ఇదేదో మంత్రం అనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎనిమిది నిమిషాలకి లాగిన్ పేజీ తెరుచుకుంది.

"అయిపోయింది," అంది నాగలక్ష్మి. ఆ గొంతులో గర్వాన్ని ఆవిడ దాచుకోలేకపోయింది. "నేనే చేశాను చూశారా? సరే... ఫోను ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉంచండి. అదేదో బాగుంది."

అతను ఫోను పందిరి వైపు తిప్పి పట్టుకున్నాడు. ఇంతలో కనక వచ్చి జబ్బ పట్టుకుని, అతన్ని లాక్కెళ్ళి వరస చివర నిలబెట్టింది. అతని తాళజ్ఞానం సంగతి ఆ పూట పెళ్ళివారందరికీ తెలిసిపోయింది.

నెలన్నరకి బుధు తాతకి కొత్త పళ్ళొచ్చాయి. అద్దంలో చూసుకుని, మరీ తెల్లగా ఉన్నాయని డాక్టరు మీద విసుక్కుని, ఇంటికొచ్చి మోరి అందుకున్నాడు. స్వరం వచ్చింది గాని ఇదివరకటిది కాదు. ఇంకాస్త సన్నగా, జాగ్రత్తగా పలుకుతోంది. వారం రోజులు వాయించాక ఆయన దేవీప్రసాద్ గదిలోకొచ్చి పాత రికార్డు పెట్టమన్నాడు. ఇరవై నిమిషాలూ కదలకుండా విన్నాడు.

"బాగా వాయించీవోడు ఆ మనిసి," అన్నాడు చివరికి.

దేవీప్రసాద్ ఫైలు మూసేశాడు. "మళ్ళీ అలాగే వస్తుంది తాతా. కొత్త పళ్ళు కదా, అలవాటవ్వాలి."

"అలాగ రాదు. ఏరేలాగ వత్తాది." బుధు తాత లేచి చేతులు దులుపుకున్నాడు. "ఇదీ ఎక్కించు నీ డబ్బాలోన. రేపు తొమ్మిదింటికి. కిటికీలోంచి దొంగతనంగా కాదు, ఎదురుగా కూకుని."

"తొమ్మిదింటికి నాకు మీటింగు తాతా."

"ఆ అమ్మాయిని కూడా కూకోమను," అని ఆయన వెళ్ళిపోయాడు.