పంతొమ్మిదో ఎత్తు మీద ఆశ్చర్యార్థకం

ఇరవయ్యేళ్ళుగా నేను ఇతరుల ఎత్తులు రాసి బతుకుతున్నాను. నా ఎత్తు పెరగలేదు, చుట్టుకొలత పెరిగింది. పాత చదరంగం ఛాంపియన్‌షిప్ ఆటలన్నిటికీ వ్యాఖ్యానం సరిచూసి రెండోసారి అచ్చు వేద్దామని రొసారియోలో మా క్లబ్బువాళ్ళు అంటే తల ఊపాను. మూడు వందల పన్నెండు ఆటలు! రెండు వందల తొంభై దాటేసరికి నల్లగడి ఏదో తెల్లగడి ఏదో కంటికి ఆనడం మానేసింది.

అప్పుడొచ్చాడు డాన్ లిసాండ్రో సుబెల్దీయా, గొంతుదాకా గుండీలు పెట్టుకుని. 1949 పోటీలో ఆఖరి ఆట ఓడి కిరీటం పోగొట్టుకున్న మనిషి. ఆ ఆటలో ఇరవై ఏడో ఎత్తుగా ఏనుగును పక్కగడికి జరిపాడు. మా వృత్తిలో ఎత్తు పక్కన ఆశ్చర్యార్థకం పెడితే ‘శభాష్’ అని. ప్రశ్నార్థకం పెడితే ‘తప్పు’ అని. ప్రశ్నార్థకాలు రెండు పెడితే ‘బుద్ధుందా’ అని. ఆ ఏనుగు పక్కన ముప్పై ఏడేళ్ళుగా రెండున్నాయి. మొదట ఎవరో పత్రికవాడు పెట్టాడు, తరవాత అందరూ ఎక్కించుకున్నారు. 1970లో నా పుస్తకంలో నేనూ ఎక్కించాను, మక్కికి మక్కి.

“ఫెర్మీన్, ఈసారైనా ఆ రెండు కొక్కేలూ తీసెయ్యవయ్యా,” అన్నాడు. “మనవరాలి పెళ్ళిలో వియ్యంకుడు నా చెయ్యి పట్టుకుని ‘ఆ ఏనుగు మీదేనా’ అన్నాడు.”

“ఊరికే తీస్తే ఒప్పుకోరు డాన్ లిసాండ్రో. కారణం రాయాలి.”

“రాయి. లేకపోతే వెతుకు.”

క్లబ్బులో మాతే కాచి పోసే నేలిదా కెటిల్ దించింది. మాతే కషాయం గొంతు దిగనిదే మా ఊళ్ళో ఎవరికీ మాటే పెగలదు. “వెతకవయ్యా,” అంది. “ఆ ఏనుగు కథ వినీ వినీ నా కెటిల్‌కి కూడా కంఠస్థం వచ్చింది.”

తొమ్మిది రోజులు వెతికాను. ఏనుగు బదులు మంత్రిని ముందుకు తోస్తే గెలిచేవాడని అందరం రాశాం. ఒక్కడూ తోసి చూడలేదు. తోసి చూశాను. అవతలి రాజు మూలగడికి ఒక్క అడుగు వేస్తే చాలు, మంత్రి చేసేదేమీ లేదు. వేరే ఏ ఎత్తు వేసినా ఓటమి ఇంకా ముందే వస్తుంది. ఎక్కువసేపు నిలబెట్టింది ఆ ఏనుగే!

ఏనుగు నిర్దోషి అయితే మరి దోషి ఎవరు? వెనక్కి నడిచాను. ఇరవై ఆరు, ఇరవై అయిదు... పంతొమ్మిది దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ డాన్ లిసాండ్రో తన గుర్రాన్ని బలిచ్చాడు. ఆ స్థితి ఫొటో కట్టి క్లబ్బు గోడకు తగిలించారు. కొత్తవాళ్ళెవరొచ్చినా కూర్చోబెట్టి చూపిస్తాడు. పుస్తకంలో ఆ ఎత్తు పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి ‘మెరుపు’ అని రాసింది నేనే. తీరా చూస్తే పోయిన గుర్రానికి తగ్గ దాడి బల్లమీద ఎక్కడా లేదు. గుర్రం గుడ్డిది. ఇన్నాళ్ళూ దాణా వేసింది మేము.

అప్పటిదాకా అయిన ఆటలు గురువారం ప్రెస్సుకి ఇవ్వాలి. ఏనుగును విడిపించి గుర్రం సంగతి మింగెయ్యొచ్చు. మింగుడు పడలేదు. మంగళవారం పొద్దున చెప్పేశాను. ఆయన నా కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గురువారం గడ్డం మాసి వచ్చాడు.

“రాజు మూలకు పోకముందే బంటుతో అడ్డుకుంటే?”

“పదకొండో కాగితంలో ఉంది.”

“ఉంది. రెండు రోజులు నిద్ర మానేసి ఆ గుర్రాన్ని నిలబెట్టే దారులు వెతికాను. ప్రతి దారికీ నువ్వు ముందే గొళ్ళెం పెట్టేశావు, దరిద్రుడా.”

“ఏనుగు విడుదలైందిగా, ఇంకా ఆ మొహమేంటి?” అంది నేలిదా.

“ఆ ఏనుగును స్నానం చేస్తూ కూడా తిట్టుకున్నానమ్మా. పాపం, ఆ ఆటలో నాకోసం నిలబడింది అదొక్కటే.”

“ఆశ్చర్యార్థకం ఉంచేస్తాను,” అన్నాను. “ఎవరు చూడొచ్చారు?”

“నేను చూశానుగా.” నా పెన్సిలు రాతప్రతి లాక్కుని ఆ గుర్తును రబ్బరుతో తనే రుద్దాడు. కాగితం చిరిగేలా రుద్దాడు. “ఇక నువ్వు రాయి.”

“ఎన్ని పెట్టమంటారు?”

“ఏనుగుకి ఎన్ని పెట్టారు?”

“రెండు.”

“మరి అడుగుతావేం?”

రెండు పెట్టాను. కింద చిన్న అక్షరాల్లో, 1970లో ఈ ఎత్తును మెచ్చుకున్నది ఈ వ్యాఖ్యాతే అని చేర్చాను. తల ఎత్తేసరికి ఆయన పొయ్యి పక్క కుర్చీలో నిద్రపోయాడు. నేలిదా కోటు తెచ్చి కప్పింది. నేను రెండు వందల తొంభై ఒకటో ఆట తెరిచాను.