జామలో ఎక్కువా, క్యారెట్‌లో ఎక్కువా

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ, నేను, పది నెలల చెల్లి మాత్రమే ఉన్నాం. అమ్మానాన్నలు పనికెళ్లారు. జామపండులో పోషకాలెక్కువా, క్యారెట్‌లోనా పోల్చి పట్టిక రాయమన్నారు టీచర్. నేను పుస్తకం తిరగేస్తుంటే మంచంలోంచి నాయనమ్మ నవ్వింది.

"దానికి పుస్తకమెందుకే మొద్దూ? రెండూ ఇలా తే."

చెరో చేత్తో పట్టుకుని కళ్లు మూసుకుంది. కొరకనైనా లేదు. నేను చూస్తుండగానే జామపండు వడలి నల్లబడింది. క్యారెట్ ఎండుపుల్లయింది. నాయనమ్మ బుగ్గలు మాత్రం నిగనిగలాడాయి.

"జామే నయం. అయినా రెండూ పంటి కిందికి చాలవు."

నెలలుగా మంచం దిగని మనిషి లేచి, చెల్లిని చంకనెత్తుకుంది.

"దీని ముందు అవి ఏపాటి!"

"నాయనమ్మా, చెల్లినిచ్చెయ్యి!" అంటూ వెంటపడ్డాను.

"పట్టికలో ఇంకో గడి గియ్యి, చెప్తాను" అని నా మొహాన గది తలుపు వేసేసింది.